ఊపిరి కొయ్యకు బాబూ

గుణుపురం నర్సుల బడిలో మూడో గది.
మంచం లేదు, మందు వాసన లేదు.
కళ్ళకి డబ్బాలు కట్టుకున్న పిల్లలు
గాల్లో సేతులు తిప్పుతున్నారు,
లేని సెయ్యి పట్టుకుని నాడి సూస్తన్నారు.

నన్ను పిలిసింది గొంతు కోసం.
మంగళారం సంతలో ఎండు నెత్తళ్ళమ్మే గొంతు
వంశధార అవతలి గట్టుకి ఇనిపిస్తాదని
ఎవలో సెప్పేరట.
పూటకి మూడొందలు, టీ, రెండు బిస్కట్లు.

ప్రద్యుమ్న పాఢి, బరంపురం కుర్రోడు,
అంతకు ముందు కారు పందేల ఆటలు సేసేవోడట,
కాయితం సేతికిచ్చేడు:
"నాకు ఛాతీ భాగంలో తీవ్రమైన నొప్పిగా ఉన్నది."
ఇలాగెవలు నొప్పి పడతారు బాబూ,
తాసిల్దారుకి అర్జీ ఎట్టినట్టు?

మావోళ్ళంటారు,
గుండి మీద తిరగలెట్టి తిప్పినట్టుందని.
అంటారు, ఎడం రెక్క నాది కాదని.
ఒళ్ళంతా సల్లటి సీమలు పాకతన్నాయని.
మా మావ ఆకరి రాత్రి
"దీపం దగ్గిరకి జరపండే" అన్నాడు.
అంతే.

అయ్యన్నీ సెప్పేను. ఆడు ఎక్కించేడు.

తెర మీద మొహం సూస్తే ఎవలిదో,
పౌడరు కొట్టిన తెలుపు, ముప్పయ్యేళ్ళు మించవు.
"దీనికి నా గొంతేటి, కొన్నాళ్ళు ఎండలో నిలబెట్టు" అన్నాను.
నలుపు సేసేడు. అడ్డబేసరి ఎట్టమన్నాను, ఎట్టేడు.
అది ముక్కుకి అర అంగుళం ఎడంగా
గాల్లో తేలతాది, ఇప్పటికీ.

ఒక్క దగ్గిరే పేచీ పడింది.
మాటకీ మాటకీ మజ్జిన నేను తీసిన ఊపిరి
ఆడికి గీతల్లాగ కనిపిస్తాదట,
రొద అని కత్తిరించబోయేడు.
ఊపిరి కొయ్యకు బాబూ.
సేప సంగతి మొప్పల దగ్గిర తెలుస్తాది.
నొప్పి మాటలో ఉండదు,
మాటకి ముందు ఆగిన సోట ఉంటాది.
నా మాట ఇనో, టీ సల్లారిపోతందనో
ఆడు కొయ్యలేదు.

తరవాత శానా సార్లు సచ్చిపోయేను.
సుమంతి సబర, పుట్టాసింగి కొండ పిల్ల,
ఒక్క నెలలో పదకొండు సార్లు సంపిందట నన్ను.
మందు ఆలీసం. లెక్క తప్పు.
ఒకసారి ఏటీ సెయ్యకుండా ఏడుస్తా కూకుండిపోయిందట.
మీట నొక్కితే మళ్ళీ లేస్తాను,
మళ్ళీ తిరగలి, మళ్ళీ రెక్క.
సంతలో నేను కనిపిస్తే తల దించుకునేది,
పావుకిలో నెత్తళ్ళు కొని
సిల్లర తీసుకోకుండా ఎల్లిపోయేది.

బాహుడా రథం తిరిగొచ్చిన రాత్రి
నిజంది వొచ్చింది.
తిరగలి లేదు, సీమలూ లేవు,
నేను సెప్పిన మాటలొక్కటీ నాకు పనికిరాలేదు.
ఉత్త ఉక్క. సెవటలు.
ఆసుపత్రి బల్ల మీద కూకుని
"ఏటీ లేదమ్మా, గ్యాసు,
పోడపిఠా రెండు ముక్కలెక్కువ తిన్నాను" అన్నాను.

డూటీలో ఉన్నది సుమంతి.
నా మొహం సూడలేదు. కళ్ళు మూసుకుంది.
"మళ్ళీ అనండి."
అన్నాను.
"ఏటీ"కీ "లేదు"కీ మజ్జిన ఇనింది.
ఆ సోటు దానికి కంఠతా వొచ్చు.
సవరలో అరిసిందో, ఒడియాలోనో,
తెలుగు మాత్రం కాదు.
బండి సక్రాల సప్పుడు.
నమలమని నోట్లో ఏసిన పుల్లటి మాత్ర.

బతికేనని సెప్పక్కర్లేదు, సెప్తన్నాను గదా.

నిన్న మళ్ళీ పిలిసేరు మూడో గదికి.
ఒక్క మాటే కావాలట, మూడొందలూ ఇస్తారట.
సుమంతి తలుపు కాడ నిలబడింది.
"ఏటీ లేదమ్మా, గ్యాసు."
నవ్వుతా అన్నాను, కుదరలేదన్నాడు.
ఆరు సార్లు.
ఏడోసారికి మా మావ దీపం గుర్తొచ్చింది.
ప్రద్యుమ్న సెవులకున్నవి తీసేసి
కాసేపు అలాగే కూకున్నాడు.

ఇప్పుడది కూడా అబద్ధమాడ్డం నేర్సింది,
బేసరి ముక్కుకంటని మనిషి.

ఎండొచ్చింది. నెత్తళ్ళు పరుసుకోవాల.